గూఢచారి గొంతు ఎవరిది?

రాత్రిపూట ప్రొడక్షన్ రిలీజ్ ఉన్నప్పుడు నిజానికి చేసే పని పెద్దగా ఉండదు. బటన్ నొక్కేసి, స్క్రీన్ మీద గీతలు పైకి పోతున్నాయా కిందకి పోతున్నాయా అని చూస్తూ కూచోవడమే. అలాంటి ఒక రాత్రి హెడ్‌ఫోన్స్‌లో పాటలు వాటంతటవే మారుతుండగా ఒక పాత ఇంగ్లిష్ పాట మొదలైంది. బీటిల్స్ వాళ్ళదే, నేను వినని పాట ఏదో మిగిలిపోయిందేమో అనుకున్నా. చూస్తే బీటిల్స్ కాదు, అసలు ఇంగ్లండే కాదు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే ఓడరేవు ఊరి కుర్రాళ్ళు. బ్యాండ్ పేరు టాగెస్. ఆల్బం పేరు 'స్టూడియో', 1967లో వచ్చింది.

ఆల్బం మొత్తం ఒకే విడతలో విన్నాను. పాడేది ఇంగ్లిష్‌లో. గొంతులు కలిపే పద్ధతి, స్టూడియోనే ఒక వాద్యంలా వాడుకోవడం, అన్నీ అప్పటి లండన్ నుంచి తెచ్చుకున్నవే. కానీ వింటూ ఉంటే మధ్యమధ్యలో లండన్ కానిది ఏదో తగులుతుంది. స్వీడన్ జానపద సంగీతపు ఛాయ అది. తర్వాత చదివితే తెలిసింది, ఆ ఆల్బంకి పేరు వచ్చిందే ఆ కలయిక వల్లనని. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ కుర్రాళ్ళు మొదట్లో, 1964లో, 'పశ్చిమ తీరపు బీటిల్స్' ఎవరు అని పెట్టిన పోటీలో గెలిచారట.

ఆ బిరుదు చూడగానే నవ్వొచ్చింది. ఎందుకంటే ఇలాంటి బిరుదులు మనకి కొత్త కాదు. ముందు మన ఊరి పేరు, తర్వాత వాళ్ళ మనిషి పేరు. సరిగ్గా రెండేళ్ళ తర్వాత మన దగ్గర ఒక కొత్త హీరోకి ఇదే వ్యాకరణంతో బిరుదు వచ్చింది: ఆంధ్రా జేమ్స్‌బాండ్.

ఈ వ్యాసం ఆ బిరుదు తెచ్చిన సినిమా గురించి, ముఖ్యంగా దాని పాటల గురించి. 'గూఢచారి 116', 1966 ఆగస్టు. కృష్ణకి అది మూడో సినిమా, అంతకుముందు ఏడాదే 'తేనెమనసులు'తో వచ్చాడు. హీరోయిన్ జయలలిత. నిర్మాత డూండీ, దర్శకుడు మల్లికార్జునరావు, సంగీతం టి. చలపతిరావు, ప్రధానమైన గొంతులు ఘంటసాల, సుశీల. మీలో చాలామందికి ఈ పేరు 2018లో అడివి శేష్ 'గూఢచారి' వల్ల తెలిసి ఉంటుంది. అందులో హీరోకి 116 అనే నంబరు ఊరికే పెట్టలేదు.

మా చిన్నాయన ఈ సినిమాని చిన్నప్పుడు, ప్రొద్దుటూరు దగ్గర ఒక ఊళ్ళో టెంటు హాల్లో, నేల టికెట్టుకి చూశాడు. అసలు రిలీజైన ఏడాది కాదు, పెట్టెలు అరిగిపోయి పల్లెలకి వచ్చిన తర్వాత. ఆయన తీర్పు చాలా సింపుల్.

"దాంట్లో ఏముంది రా, అంతా కాపీనే. దొరోళ్ళ సినిమా జూసి మనోళ్ళు తీసినారు. బాగనే తీసినార్లే. గానీ కాపీ కాపీనే గదా."

ఈ మాటకి జవాబు చెప్పాలని చాలా రోజులుగా ఉంది. ఆయన తప్పు అని కాదు. తెలుగు సినిమా పాటల మీద మనం చేసే విమర్శలో సగం ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుందని. ఒరిజినల్ ఎక్కడుందో కనిపెట్టగానే పని అయిపోయిందనుకుంటాం. యూట్యూబ్‌లో రెండు పాటలు పక్కపక్కన పెట్టి, కింద నవ్వే బొమ్మలు పెడతాం. కానీ టాగెస్ ఆల్బం విన్నాక నాకు అనిపించింది, అసలు ప్రశ్న అక్కడ మొదలవ్వాలి కదా అని. తెచ్చుకున్నారు, సరే. తెచ్చుకుని ఏం చేశారు?

*

ముందు ఏం తెచ్చుకున్నారో చూద్దాం.

జేమ్స్‌బాండ్ సినిమాలు 1962లో 'డాక్టర్ నో'తో మొదలయ్యాయి. ఆ సినిమాలకి ఒక శబ్దం ఉంది. సినిమా చూడనివాళ్ళు కూడా దాన్ని గుర్తుపడతారు. బాణీ కట్టింది మాంటీ నార్మన్, దాన్ని ఆర్కెస్ట్రాకి కూర్చింది జాన్ బ్యారీ, గిటార్ వాయించింది విక్ ఫ్లిక్. గిటార్ తీగ మంద్రంలో బరువుగా, మొరటుగా మోగుతుంది. దాని వెనక ఒక చిన్న పాములాంటి గీత, ఒక మెట్టు పైకి, ఇంకో మెట్టు పైకి, మళ్ళీ ఒక మెట్టు కిందకి. ఉన్నట్టుండి ఇత్తడి వాద్యాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

ఆ పాము గీతని మన స్వరాల్లో చెప్పుకుంటే భలే ఉంటుంది. పంచమం, శుద్ధ దైవతం, దాని మీద ఇంకో అర మెట్టు, మళ్ళీ శుద్ధ దైవతం. మూడు మెట్లు పక్కపక్కనే. కర్ణాటక సంగీతంలో ఇలా పక్కపక్క మెట్లు వరసగా రావాలంటే కనకాంగి లాంటి వివాది మేళాల్లోకి పోవాలి. అక్కడ ఆ మూడో మెట్టుకి శుద్ధ నిషాదం అని పేరు. వివాది అంటే పేరులోనే ఉంది, పడని స్వరం. వినేవాడికి కాలు నిలవనివ్వదు. గూఢచారి సినిమాకి అంతకన్నా ఏం కావాలి? తలుపు వెనక ఎవరో ఉన్నారనే భయాన్ని మాట లేకుండా చెప్పగలిగే మూడు మెట్లు.

ఈ శబ్దం అరవైల మధ్యకల్లా లోకమంతా తిరిగింది. తెలుగు సినిమా పాట తయారయ్యేది అప్పుడు మద్రాసులో. ఆ స్టూడియోల్లో గిటార్, ట్రంపెట్, డ్రమ్స్ వాయించేవాళ్ళలో ఆంగ్లో ఇండియన్లు, గోవావాళ్ళు, చర్చిల్లో పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. నోటేషన్ చూసి వాయించగలిగే చేతులు సిద్ధంగా ఉన్నాయి. ఇంగ్లిష్ సినిమాలు మౌంట్‌రోడ్డు హాళ్ళలో ఆడుతున్నాయి. సామాను అంతా ఒకే ఊళ్ళో ఉంది. కాబట్టి 'గూఢచారి 116' ఎలా వచ్చింది అనేది పెద్ద రహస్యం కాదు. రాకపోయుంటేనే ఆశ్చర్యం.

*

మరి పాటలు?

నేను ఈ సినిమా పాటల్ని ఈమధ్య పదే పదే విన్నాను. ముందు బాండ్ సినిమా పాటలుగా విన్నా. తర్వాత సినిమా సంగతి మర్చిపోయి, ఊరికే అరవైల తెలుగు పాటలుగా విన్నా. రెండోసారే ఎక్కువ నచ్చాయి. నా ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

ఘంటసాల, సుశీల కలిసి పాడిన యుగళగీతాలు ఇందులో చాలా పేరు పొందాయి. ఇప్పటికీ పాత పాటల కార్యక్రమాల్లో వస్తుంటాయి. వాటిని ఈ సినిమాలోంచి తీసి, అదే ఏడాది వచ్చిన ఏ కుటుంబకథా చిత్రంలో పెట్టినా చక్కగా అతికిపోతాయి. హీరో చేతిలో పిస్తోలుందని, అతనికో నంబరుందని ఆ పాటలకి తెలియదు. చలపతిరావు అప్పటికే 'ఇల్లరికం', 'లక్షాధికారి' లాంటి సినిమాలు చేసినవాడు. హుషారైన పాట, తేలిగ్గా నోటికి వచ్చే పల్లవి, తెలుగు మాట విరగకుండా పడే తాళం, ఇవి ఆయన బలం. ఇక్కడా అదే చేశాడు.

పాటని మూడు పొరలుగా చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పైపొర వాద్యాలు, మధ్యపొర లయ, లోపలిపొర గొంతు. బ్రిటిష్ ప్రభావం మొదటి పొరలోకి వచ్చింది. రెండో పొరలోకి సగం వచ్చింది. మూడో పొర దగ్గర గుమ్మం బయటే ఆగిపోయింది.

ఆపింది ఎవరు అంటే ఘంటసాల. ఈ మాట జాగ్రత్తగా చెప్పాలి, లేకపోతే ఇంట్లో అన్నం పెట్టరు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న గొంతు అది. పద్యాన్ని నాటకాల సాగదీతల్లోంచి బయటికి తెచ్చి, మైకు ముందు అర్థం తెలిసేలా పాడినవాడు. తన కాలానికి ఆయనే పెద్ద మార్పు. కానీ ఆ గొంతులో ఒక గృహస్థు ఉంటాడు. సరసమాడుతున్నా రేపు పొద్దున పెళ్ళి చేసుకుంటాడనే నమ్మకం ఇస్తాడు. జేమ్స్‌బాండ్ అనే మనిషికి లేనిది సరిగ్గా ఆ నమ్మకమే. అందుకే తెర మీద ఆంధ్రా జేమ్స్‌బాండ్ నడుస్తుంటే, పాట రాగానే ఆంధ్రా మాత్రం మిగిలి జేమ్స్‌బాండ్ బయటికి వెళ్ళిపోతాడు.

ఇది లోపమా, అందమా? చాలా రోజులు అందమే అనుకున్నా. చూశారా, మనవాళ్ళు దొరల వేషం వేసినా గొంతు మాత్రం మనదే అని వాదించా కూడా. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను. టాగెస్ ఆల్బంలో స్వీడన్ జానపద ఛాయ, బ్రిటిష్ శబ్దం ఒకదాన్ని ఒకటి గుద్దుకుంటాయి. ఆ గుద్దుకోవడంలోంచి మూడోది ఏదో పుడుతుంది. 'గూఢచారి 116' పాటల్లో గుద్దుకోవడం లేదు. రెండూ ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో కూచుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మద్రాసు దాకా ప్రయాణం చేస్తాయి.

ఇంకో పోలిక కూడా ఉంది. ఈ సినిమానే మరుసటి ఏడాది, 1967లో, హిందీలో 'ఫర్జ్' పేరుతో తీశారు. జితేంద్ర హీరో. దర్శకుడు రవికాంత్ నగాయిచ్, తెలుగు సినిమాల్లో కెమెరా పని చేసి పేరు తెచ్చుకున్నవాడు. సంగీతం లక్ష్మీకాంత్ ప్యారేలాల్. అందులో రఫీ పాడిన పుట్టినరోజు పాట ఇప్పటికీ దేశంలో ఎక్కడో ఒకచోట కేకు కోసేటప్పుడు మోగుతూనే ఉంటుంది. అది కూడా బాండ్ పాట కాదు. కానీ పుట్టినరోజు పార్టీ అనే పట్నపు సందర్భాన్ని, ఆ పార్టీలో తుళ్ళే హీరోని, ఆ పాట నమ్మింది. గొంతు కూడా తుళ్ళింది. మన పాటల్లో నాకు దొరకని నమ్మకం అదే.

మా చిన్నాయన మాట ప్రకారం 'ఫర్జ్' కాపీకి కాపీ. నేను చెప్పేదేమంటే, ఆ కాపీకి కాపీ కొన్నిచోట్ల మొదటి కాపీ కన్నా ముందుకి పోయింది. మా వృత్తిలో దీన్ని ఫోర్క్ అంటాం. ఎవరో రాసిన కోడ్‌ని మొత్తం తెచ్చుకుని, మన దారిన మనం మార్చుకుంటూ పోవడం. ఫోర్క్ చేశావని ఎవరూ తప్పు పట్టరు. ఫోర్క్ చేశాక నువ్వు కొత్తగా ఏం కలిపావని మాత్రం చూస్తారు. ఏమీ కలపకపోతే అది నీ పేరు మీద పడున్న ఇంకొకడి ఫోల్డర్, అంతే.

*

గొంతు గుమ్మం దగ్గర ఆగిపోయిందన్నాను కదా. ఆ గుమ్మం తలుపు ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు అని వెతికితే ఊహించని చోట తేలాను. కడప జిల్లాలో.

హాస్యనటుడు పద్మనాభం తెలుసు కదా. పులివెందుల దగ్గర సింహాద్రిపురం ఆయన ఊరు. నవ్వించడంతో ఆగకుండా రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ పేరుతో సినిమాలు తీశాడు. ఆయన తీసిన 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'కి సంగీతం ఎస్.పి. కోదండపాణి. ఆ సినిమా కోసం 1966 డిసెంబర్ 15న ఒక కొత్త కుర్రాడు మొదటిసారి మైకు ముందు నిలబడ్డాడు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. 'గూఢచారి 116' రిలీజైన నాలుగు నెలలకి.

ఈ కుర్రాడు మా జాతివాడు కూడా. అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరాడు, టైఫాయిడ్ వచ్చి మానేశాడు, తర్వాత మద్రాసులో ఏఎంఐఈ చదువుతూ పాటల పోటీలకి పోయేవాడు. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి బాగుపడినవాళ్ళ కథలు వినడమంటే మాకు ఎంత ఇష్టమో మీకు చెప్పక్కర్లేదు.

మొదటి పాటలో పాశ్చాత్యమేమీ లేదు. సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య లాంటి పెద్ద గొంతుల మధ్య తనూ ఒక గొంతు. మార్పు తర్వాత కనిపిస్తుంది. 1968లో 'నేనంటే నేనే'లో కృష్ణకి బాలు పాడాడు, సంగీతం మళ్ళీ కోదండపాణే. ఆంధ్రా జేమ్స్‌బాండ్‌కి తగిన గొంతు దొరికింది అక్కడే అని నా అభిప్రాయం. ఆ గొంతుకి మైకు ఎంత దగ్గరగా ఉందో తెలుసు. ఊపిరి వినపడనిస్తుంది, మాట మధ్యలో నవ్వుతుంది, అక్షరాన్ని కొంచెం వదులుగా వదిలేస్తుంది. సరసమాడేటప్పుడు రేపటి పెళ్ళి గురించి ఏ హామీ ఇవ్వదు.

ఇదంతా లండన్ నుంచి వచ్చిందా అంటే, నేరుగా రాలేదు. బాలుకి రఫీ అంటే ప్రాణం, ఆ సంగతి ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. మైకుకి దగ్గరగా, చెవిలో చెప్పినట్టు పాడటం అనేది అమెరికాలో బింగ్ క్రాస్బీ కాలం నుంచి ఉంది. అక్కడి నుంచి లండన్‌కి, బొంబాయికి, మద్రాసుకి వేరే వేరే దారుల్లో వచ్చింది. ప్రభావం అనేది హైవే కాదు. మా కర్నూలు పాతబస్తీ సందుల్లాంటిది, ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆ ఊరివాడికి కూడా సరిగ్గా తెలీదు.

ఈ శబ్దాలు సీమకి ఎలా వచ్చాయన్నది కూడా అలాంటి సందు కథే. కడపలో ఆకాశవాణి 1963లో మొదలైంది. అంతకుముందు నుంచే రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమం వినేవాళ్ళున్నారు. మీనాక్షి పొన్నుదురై గొంతు గుర్తున్న పెద్దవాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉంటారు. లండన్ బాణీ మద్రాసులో తెలుగై, కొలంబో దాకా పోయి, అక్కడి నుంచి గాల్లో ఎగిరి వచ్చి ప్రొద్దుటూరులో ఒక మగ్గం పక్కన పెట్టిన రేడియోలో పడేది. ఇందులో ఒరిజినల్ ఊరు ఏది?

*

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి.

ఆ బాండ్ గిటార్ వరస ఉంది కదా, బ్రిటిష్ శబ్దానికి గుర్తు అని లోకమంతా అనుకునేది. మాంటీ నార్మన్ దాన్ని బాండ్ కోసం కట్టలేదు. వి.ఎస్. నైపాల్ 1961 నవల 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్'ని రంగస్థలం మీదికి తేవాలని ఒక ప్రయత్నం జరిగింది. దానికోసం ఆయన 'బ్యాడ్ సైన్, గుడ్ సైన్' అనే పాట కట్టాడు. ట్రినిడాడ్‌లో ఉండే భారతీయ కుటుంబం కథ కాబట్టి బాణీ కూడా భారతీయంగా వినిపించాలని, సితార్ ధోరణిలో కట్టాడు. ఆ నాటకం వేదిక ఎక్కలేదు. బాణీ సొరుగులో ఉండిపోయింది. 'డాక్టర్ నో' పని వచ్చినప్పుడు దాన్ని బయటికి తీసి, పొడుగు స్వరాల్ని ముక్కలుగా విరిచి, గిటార్‌కి ఇచ్చాడు. ఆ బాణీ ఎవరిదనే తగాదా కోర్టుకి కూడా వెళ్ళింది, 2001లో నార్మన్ గెలిచాడు.

అంటే ఏమైందో చూడండి. చెరుకు తోటల్లో కూలికి ఓడలెక్కి పోయిన మనవాళ్ళ వారసుడి కథకి, ఒక లండన్ మనిషి ఊహించుకున్న భారతీయ బాణీ, బ్రిటిష్ గూఢచారి గుర్తు అయింది. అది చూసి మద్రాసులో తెలుగువాళ్ళు ఇంగ్లిష్ పద్ధతి అనుకుని తెచ్చుకున్నారు. చిన్నాయనా, ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవరిని కాపీ కొట్టారు?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బీటిల్స్ మొదటి డ్రమ్మర్లలో ఒకడైన పీట్ బెస్ట్ 1941లో పుట్టింది మద్రాసులో. అరవైల్లో ఇంగ్లండ్‌ని ఊపేసిన ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ 1936లో పుట్టిందీ మద్రాసులోనే. క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో పుట్టాడు. 1965 చివర్లో బీటిల్స్ 'రబ్బర్ సోల్'లో జార్జ్ హ్యారిసన్ సితార్ వాయించాడు.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇవన్నీ పోగేసి "అంతా మన దగ్గర్నుంచే పోయింది" అని మీసం తిప్పడం. అది కూడా మా చిన్నాయన మాటకి తిరగేసిన రూపమే. వాళ్ళు కొట్టారు అనడం, మనం కొట్టాం అనడం, రెండూ సోమరితనమే. రెండూ పాట వినడం మానేసి దాని ఆధార్ కార్డు అడుగుతున్నాయి. పీట్ బెస్ట్ మద్రాసులో పుట్టాడు కాబట్టి బీటిల్స్ డ్రమ్స్‌లో మృదంగం ఉండదు. పుట్టుక ఏ పాటనీ బాగు చేయదు, పాడు చేయదు.

*

కాబట్టి మళ్ళీ అదే ప్రశ్న: తెచ్చుకుని ఏం కలిపారు?

'గూఢచారి 116' తెలుగు సినిమాకి ఒక కొత్త తరహా హీరోని కలిపింది. అది చిన్న విషయం కాదు. ఆ దారిలో 'జేమ్స్‌బాండ్ 777', 'ఏజెంట్ గోపి', 'రహస్య గూఢచారి', 'గూఢచారి 117' అంటూ కృష్ణ రెండు దశాబ్దాల పైన నడిచాడు. ఆ దారిలోనే క్లబ్బు పాటలు వచ్చాయి. ఎల్.ఆర్. ఈశ్వరి అనే అద్భుతమైన గొంతుకి పని దొరికింది. నా లెక్కలో బ్రిటిష్, అమెరికన్ శబ్దాన్ని గొంతు లోపలి దాకా తీసుకెళ్ళిన మొదటి తెలుగు పాట క్లబ్బు పాటే. హీరోయిన్ పాడకూడనివన్నీ పాడే స్వేచ్ఛ వ్యాంప్‌కి ఉండేది. హీరో గొంతు మర్యాద పాటిస్తున్న రోజుల్లో ఆవిడ గొంతు మూడో పొర దాకా పోయింది. ఆ పాటల్ని మనం ఇప్పటికీ వెకిలిగా చూస్తాం. సంగీతపరంగా ఆ కాలంలో ఎక్కువ ధైర్యం చేసినవి అవే.

కానీ టాగెస్ కలిపినట్టు, మన మట్టి శబ్దాన్ని మాత్రం కలపలేదు. ఇది అరవైల మద్రాసు మీద నా అసలు ఫిర్యాదు. గోథెన్‌బర్గ్ కుర్రాళ్ళకి తమ పల్లె బాణీలు లండన్ శబ్దం పక్కన పెట్టొచ్చు అనే ఆలోచన 1967లో వచ్చింది. మద్రాసులో కూచున్న తెలుగువాళ్ళకి జానపదం అంటే వేరే పెట్టె. పొలం సీనుకి, ఎడ్లబండి సీనుకి వాడుకునేది. గూఢచారి సీనుకి కాదు. కర్నూలు గొరవయ్యల్ని చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఎలుగుబంటి తోలు టోపీ పెట్టుకుని, ఒక చేత్తో డమరుకం, ఇంకో చేత్తో పిల్లనగ్రోవి పట్టుకుని ఆడుతుంటే ఎంత వణుకు పుడుతుందో. తలుపు వెనక ఎవరో ఉన్నారనే భయాన్ని ఆ డమరుకం జాన్ బ్యారీ ఇత్తడి కన్నా బాగా చెప్పగలదు. అనంతపురం ఉరుములు, చెక్కభజనలో ఆ చెక్కల దెబ్బ, ఇవేవీ ఆ స్టూడియో గుమ్మం ఎక్కలేదు.

తర్వాత సీమ సినిమాలోకి వచ్చింది. ఎలా వచ్చిందో మీకు తెలుసు. 1999 'సమరసింహారెడ్డి' నుంచి వరసగా సుమోలు, వేటకొడవళ్ళు, తొడలు. 2003లో 'ఒక్కడు' సినిమాలో ఆంధ్రా జేమ్స్‌బాండ్ కొడుకే మా ఊరి కొండారెడ్డి బురుజు ముందు నిలబడ్డాడు. హాల్లో నేనూ ఈల వేశా. మా బురుజు అంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు. కానీ ఈ సినిమాలన్నిట్లో సీమ మనిషి నడిచేటప్పుడు వెనక మోగేది ఏమిటి? మంద్రంలో బరువైన తీగలు, ఉన్నట్టుండి మీద పడే ఇత్తడి, డ్రమ్స్. తాత ముత్తాతల్ని వెతుక్కుంటూ పోతే ఆ శబ్దం లండన్‌లోనే తేలుతుంది. మా యాస పెట్టుకున్నారు, మా ఊరి పేర్లు పెట్టుకున్నారు, మా బురుజు పెట్టుకున్నారు. మా శబ్దం మాత్రం ఎవరూ అడగలేదు.

'గూఢచారి 116'ని దీనికి బాధ్యుణ్ణి చేయడం అన్యాయం, తెలుసు. అది చెప్పుకోదగ్గ సరదా సినిమా, దాని పాటలు ఇప్పటికీ తియ్యగా ఉంటాయి. నేను అనేది ఇంతే: అక్కడ ఒక అలవాటు పడింది. బయటి శబ్దాన్ని ఆధునికానికి, లోపలి శబ్దాన్ని పల్లెకి కేటాయించే అలవాటు. రెండిటినీ ఒకే గదిలో పెట్టి తగువు పెట్టించే పని మనం చాలా ఆలస్యంగా, చాలా తక్కువగా చేశాం.

మొన్న ప్రొద్దుటూరు పోయినప్పుడు చిన్నాయనకి హెడ్‌ఫోన్స్ పెట్టి 'స్టూడియో' ఆల్బంలోంచి రెండు పాటలు వినిపించా. ఏ దేశమో చెప్పలేదు. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"ఇది ఉత్త దొరోళ్ళ పాట గాదు రా. దీంట్లో యాదో ఊరుండాది," అన్నాడు.

"మరి గూఢచారి పాటల్లో?"

"దాంట్లో మద్రాసుండాది."

ఇన్ని పేజీలు రాసి నేను చెప్పలేకపోయింది అదే. కానీ అక్కడితో వదలాలనిపించలేదు.

"మరి మన ఊరుండే పాట ఏది చిన్నాయనా?"

కాసేపు ఆలోచించాడు. హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి, "చూడాల," అన్నాడు. తర్వాత ఆ గూఢచారిలో ఘంటసాల పాట ఒకసారి పెట్టమన్నాడు. పెట్టా. ఇద్దరం మాట్లాడకుండా విన్నాం.